షిఫ్ట్ మీద వేలు

అప్‌డేట్ అయిన మరునాడు ఉదయం దుకాణం తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎదురుగా స్టూలు మీద ఒక ముసలాయన. పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు పడిందని అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. ఆయన చెప్పినదంతా టైపు చేశాక ఒక పేరాను కిందికి మార్చాల్సి వచ్చింది. పేరా మొత్తం ఎంచుకుని, ఎప్పటిలాగే కంట్రోల్ నొక్కి వదిలి, తర్వాత ఎక్స్ నొక్కాను. పేరా పోయి దాని చోట ఒక్క అక్షరం నిలబడింది. పోయినదాన్ని వెనక్కి రప్పిద్దామని కంట్రోల్ నొక్కి వదిలి, జెడ్ నొక్కాను. ఇంకో అక్షరం వచ్చి దాని పక్కన చేరింది.

అర్జీ చివరి మాటల కోసం ఎఫ్ ఎయిట్ నొక్కాను. ‘తమ ఉత్తర్వుల కొరకు ఎదురుచూస్తూ’ అన్న వాక్యం, కింద సంతకానికి గీత, తేదీకి ఖాళీ, అన్నీ ఒక్క దెబ్బకు రావాలి. ఏదీ రాలేదు. తెర మధ్యన స్పీకరు బొమ్మ ఒకటి కనిపించి మాయమైంది.

“ఏంది బిడ్డా, ఆగిపోయిందా?” అన్నాడు ముసలాయన.

“నిన్న కొత్తది ఎక్కించిన్రు తాతా. జర టైం పడతది.”

“మీ అన్న ఉన్నప్పుడు ఎన్నడు ఆగకపోయేది,” అన్నాడాయన. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

ఆ కంప్యూటర్ మా అన్నది. మాది మర్రిగూడ వైపు ఊరు. బాపు మేకలు కాస్తాడు, కొంచెం పత్తి వేస్తాడు. మా ఇంటి ముందరి బోరింగు ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగాం. ఆ నీళ్లు ఇంట్లో అందరినీ ఎంతో కొంత పట్టుకున్నాయి కానీ అన్నను మాత్రం పూర్తిగా పట్టుకున్నాయి. బడికి పోయే వయసులోనే మోకాళ్లు లోపలికి తిరిగాయి. డిగ్రీకి వచ్చేసరికి చేతులు బిగుసుకున్నాయి. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే చెప్పిన మాట వినేది. ఎడమచేయి ఎక్కువసేపు గాలిలో నిలిచేది కాదు, కీబోర్డు మూలన ఆనించి ఉంచుకునేవాడు.

నాకు పెళ్లయి నల్లగొండ వచ్చాక అన్నను కూడా తెచ్చుకున్నాను. మా ఆయన ఆటో నడుపుతాడు, ఆయన కాదనలేదు. తెలంగాణ వచ్చిన ఏడాదే కోర్టు దగ్గరి సందులో చిన్న జాగా కిరాయికి తీసుకుని టైపింగ్ దుకాణం పెట్టాం. ఆఫీసుల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు ఇంకా పూర్తిగా చెరగలేదు. జనం మాత్రం కొత్త రాష్ట్రానికి అర్జీలు మొదలుపెట్టారు. పింఛను రాలేదని, రోడ్డు కావాలని, వికలాంగుల సర్టిఫికెట్‌లో శాతం తక్కువ వేశారని. అన్న టైపు చేసేవాడు. నేను కాగితాలు పెట్టడం, ప్రింట్లు తీయడం, జిరాక్సులు చేయడం.

ఒక్క వేలితో పని జరిగేలా అన్న ఆ కంప్యూటర్‌ను తనే మలుచుకున్నాడు. డబ్బు కట్టనక్కరలేని సిస్టమ్ ఒకటి ఎక్కించుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న సలహాలన్నీ కూడబలుక్కుని చదివి, రోజూ కొంచెం కొంచెంగా మార్చాడు. రెండు కీలు కలిపి నొక్కాల్సిన చోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చాలు. ఎఫ్ వరుసలో ఒక్కో కీకి ఒక్కో వాక్యం. చెయ్యి వణికి పక్క కీ తగిలినా అక్షరం పడకుండా, కీని కాస్త అదిమి పట్టుకుంటేనే పడేలా చేసుకున్నాడు. దాన్ని స్లో కీస్ అంటారు. కీ తాకగానే టిక్ అని ఒక చప్పుడు. పట్టుకుని ఉంటే, అక్షరం ఒప్పుకున్నట్టు టుక్ అని ఇంకోటి.

టిక్, టుక్. టిక్, టుక్. దుకాణమంతా రోజంతా అదే చప్పుడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తమ బాధ చెప్పి ఊరుకుని, ఆ చప్పుడు వింటూ ఉండేవాళ్లు. తమ మాట ఒక్కొక్క అక్షరంగా ఎక్కడికో చేరుతోందన్న నమ్మకం వాళ్ల ముఖాల్లో కనిపించేది.

ఊరికి కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చినప్పుడు అన్న సంతోషించాడు. “ఇగ పుట్టేటోళ్లు బతికిన్రు,” అన్నాడు. తనకు మాత్రం అప్పటికే కిడ్నీలు చెడ్డాయి. ఒక వానాకాలంలో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక దుకాణం తెరిచి అన్న కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ అంటే నాకు అన్న నేర్పిందే. కంట్రోల్ నొక్కి వదలడం, తర్వాత ఇంకో కీ నొక్కడం. అక్షరాన్ని అదిమి పట్టుకుని టుక్ అనేదాకా ఆగడం. నా వేళ్లు బాగానే ఉన్నాయి, ఆ ఏర్పాట్లేవీ నాకు అక్కరలేదు. అయినా దేన్నీ మార్చలేదు. మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత నా చెయ్యి కూడా ఆ నడకకే వచ్చేసింది.

అమ్మ బీపీ గోలీల కోసం నల్లగొండ దవాఖానకు వచ్చినప్పుడల్లా దుకాణానికి వచ్చేది. చెప్పులు బయట విడిచి, గోడ పక్కన బెంచీ మీద కూర్చుని, కొంగు మొహం మీదికి లాక్కునేది.

“జర కొట్టు బిడ్డా,” అనేది.

“ఏం కొట్టాలమ్మా?”

“ఏదన్న కొట్టు. ఇంట.”

నేను తోచిందేదో టైపు చేసేదాన్ని. ఆ రోజు వండిన కూర, మేకల రంగులు, బస్సులు ఆగే ఊళ్లు. కొంగు కింద అమ్మ ఏడుస్తోందో, నిద్రపోతోందో తెలిసేది కాదు. చాలాసేపటికి లేచి, “మంచిగున్నడు,” అని వెళ్లిపోయేది. ఉన్నడు అంటోందని నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

అప్‌డేట్ చేయమని కంప్యూటర్ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ‘తర్వాత’ అన్నదాని మీద నొక్కి పంపించేదాన్ని. చివరికి దరఖాస్తులు పెట్టే వెబ్‌సైట్లు పాత దాంట్లో తెరుచుకోవడం మానేశాయి. వచ్చినవాళ్లు ఎదురుచూసి, పక్క సందులోకి పోవడం మొదలైంది. ఇక తప్పక, గడియారం సెంటర్‌లో కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిచాను. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. అన్నకు కూడా పరిచయమే. అతను మధ్యాహ్నం కూర్చుని సాయంత్రానికి కొత్త సిస్టమ్ ఎక్కించాడు. “ఫైళ్లన్ని ఉన్నయక్కా. ఏం పోలే,” అన్నాడు.

మరునాడే ఆ ముసలాయన అర్జీ నాశనమైంది. అతన్ని మళ్లీ పిలిచాను. అతను కూర్చుని, ఒక వాక్యం ఎంచుకుని, కాపీ చేసి, కింద పెట్టాడు. చక్కగా వచ్చింది.

“నాకు పనిచేస్తాంది గదక్కా.”

“ఏదీ, లెవ్వు. నేను చూస్త.”

నేను నొక్కాను. వాక్యం పోయి అక్షరం వచ్చింది. అతను నొక్కాడు. పనిచేసింది. నేను నొక్కాను. పనిచేయలేదు. ఆ యంత్రం అతన్ని ఒప్పుకుని నన్ను కాదంటున్నట్టు ఉంది.

అతను నా చేతిని చూసి, “అక్కా, నువ్వు ఇడుస్తున్నవు,” అన్నాడు. “కంట్రోల్ పట్టుకొనే ఉండాలె. పట్టుకొని సి కొట్టాలె. అందరు గట్లనే చేస్తరు.”

అందరూ అలా చేస్తారని నాకు అప్పటిదాకా నిజంగా తెలియదు. ఒకదాని తర్వాత ఒకటి నొక్కేది ఒక్క వేలు ఉన్నవాడి పద్ధతి. నేను నేర్చుకున్నది అదే. అప్‌డేట్ ఆ ఏర్పాటును తీసేసింది, అంతే. స్లో కీస్ కూడా ఆగిపోయింది. చప్పుడు పోయింది.

ఎఫ్ వరుస వాక్యాలను వెనక్కి తేవడానికే చాలా కష్టపడ్డాం. ముందు కీబోర్డు పోయిందేమోనని కొత్తది తగిలించాం. అదీ అంతే. సెట్టింగుల్లో చూస్తే ఆ కీలను ధ్వని పెంచడానికి, తగ్గించడానికి కొత్త సిస్టమ్ తనే తీసుకుంది. వాటిని విడిపించినా వాక్యాలు పడలేదు. వాక్యాలు టైపు చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ లోపల అలాగే ఉంది, కానీ ఇంకో విండోలో రాయడానికి దానికి ఇప్పుడు అనుమతి లేదట. కంప్యూటర్ తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ దగ్గర మూలన చక్రం బొమ్మ ఉంటుందని, దాన్ని నొక్కి పాత పద్ధతి ఎంచుకోవచ్చని అతను ఎక్కడో చదివి చెప్పాడు. అలా చేసి ఎఫ్ ఎయిట్ నొక్కాను. ‘తమ ఉత్తర్వుల కొరకు ఎదురుచూస్తూ’ అని అన్న మాటలు, అన్న పెట్టిన కామాలతో సహా, తెర మీద పరుచుకున్నాయి.

స్లో కీస్ గురించి అతను అడిగాడు. “అది గూడ పెట్టాల్నా?”

“వద్దు,” అన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. బయట మనుషులు నిలబడి ఉన్నారు.

రెండు కీలు కలిపి పట్టుకోవడం నేర్చుకున్నాను. ఎడమచెయ్యి నొప్పి పుట్టేది. అలవాటు లేకపోవడమే అనుకున్నాను. అదిమి పట్టే గుణం పోక ఒక్కో అక్షరం నాలుగైదు సార్లు పడేది. తుడుచుకుంటూ పోయేదాన్ని. పని మాత్రం త్వరగా తెమిలేది. దుకాణం నిశ్శబ్దంగా ఉండేది.

తర్వాత ఒక మధ్యాహ్నం. ఎండకు సందులో మనిషి లేడు. షట్టరు సగం దించి, ఎవరో చేత్తో రాసి ఇచ్చిపోయిన అర్జీని చదువుతున్నాను. రాత గజిబిజిగా ఉండడంతో కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చదివాను. కాగితం పక్కన పెట్టి మొదటి అక్షరం నొక్కాను.

టిక్.

అక్షరం పడలేదు. మళ్లీ నొక్కాను. టిక్. వేలు తీయకుండా అదిమి పట్టుకున్నాను. టుక్ అని, అక్షరం పడింది.

కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెర మీద ఆ ఒక్క అక్షరం, దాని పక్కన కొట్టుకుంటున్న గీత. ఎవరో వచ్చి కూర్చుని నేను చదవడం అయ్యేదాకా ఓపిగ్గా ఆగినట్టు ఉంది. కాసేపటికి ధైర్యం చేసి సెట్టింగులు తెరిచాను. ఆపి ఉండాల్సిన స్లో కీస్ తెరిచి ఉంది. నేను తెరవలేదు. ఆపేశాను.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఆ మరునాడు కూడా. బాగుచేసే అతను వచ్చి గంటసేపు టైపు చేస్తూ కూర్చున్నా రాలేదు. “వైరస్ అయితే కాదక్కా,” అన్నాడు. “నేనైతే పెట్టలే.” ఇంకేదో అడగబోయి మానుకుని వెళ్లిపోయాడు.

మా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. “కుర్చీ మార్చు,” అన్నాడు. ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు, కంప్యూటర్ పెట్టె మీద నిమ్మకాయ పెట్టాడు. నిమ్మకాయ ఎండిపోయింది. చప్పుడు వస్తూనే ఉంది. ఎప్పుడూ ఒకే తీరు. నేను ఒంటరిగా ఉన్నప్పుడో, అవతలివాళ్ల మాట వింటూ నా చేతులు ఊరకున్నప్పుడో వచ్చేది. కొన్నాళ్లకు భయం తగ్గి మాట్లాడడం మొదలుపెట్టాను. “అన్నా, పని ఉన్నది. జర ఇడువు,” అని మెల్లగా అనేదాన్ని. అనేసి సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేదాన్ని. ఆపిన ప్రతిసారీ నాకు మనసు బాగుండేది కాదు.

అమ్మ దవాఖానకు వచ్చిన రోజు దుకాణానికి వచ్చింది. బెంచీ మీద కూర్చుని చుట్టూ చూసింది.

“సప్పుడు లేదేంది?”

“కొత్తది పెట్టినమమ్మా. గది రాదు ఇప్పుడు.”

అమ్మ ఈసారి కొంగు మొహం మీదికి లాక్కోలేదు. నేను ఒకామె తెచ్చిన పాత సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని చదువుతున్నాను. అమ్మ నన్నే చూస్తోందని తెలుస్తోంది. కాసేపటికి లేచి నా పక్కకు వచ్చింది.

“వేలు లేపు,” అంది.

“ఏందమ్మా?”

“గా చిటికెన వేలు. ఇందాకట్నుంచి గాడనే పెట్టినవు. మీ అన్న లెక్క.”

కిందికి చూశాను. నా ఎడమచెయ్యి కీబోర్డు మూలన ఆని ఉంది. చిటికెన వేలు వంగి షిఫ్ట్ కీ మీద బరువుగా పడి ఉంది. నేను చూస్తుండగానే కంప్యూటర్ సన్నగా ఒక కూత కూసింది. అంతకుముందు ఎన్నడూ నేను దాన్ని పట్టించుకోలేదు. స్లో కీస్ మొదలైందన్న కబురు తెర మీదికి రాకుండా అన్న ఎప్పుడో ఆపేశాడు, ఆ ఒక్క ఏర్పాటు అప్‌డేట్‌లో పోలేదు. కుడిచేత్తో ఒక కీ తాకాను. టిక్.

అమ్మకు ఆ చప్పుడు వినిపించింది. చెయ్యి నా భుజం మీద వేసింది.

ఆ సాయంత్రం సహాయం పేజీలు వెతికి చదివాను. షిఫ్ట్‌ను కొంతసేపు వదలకుండా పట్టుకుంటే స్లో కీస్ దానంతటదే మొదలవుతుందని రాసి ఉంది. చేతులు సరిగా లేనివాళ్లు మౌస్‌తో పని లేకుండా పెట్టుకోవడానికి ఆ ఏర్పాటు. అన్న వేలు కూడా అక్కడే ఆని ఉండేది కాబట్టి తనే దాన్ని మూసేసి ఉంటాడు. అప్‌డేట్ అయ్యాక అది మళ్లీ తెరుచుకుంది. ఇన్నాళ్లూ తెరుస్తున్నది నేనే.

అది తెలిశాక భయం పోవాలి. పోలేదు. ఆ పూటే, బస్సు ఎక్కేముందు అమ్మ చెప్పిన ఒక్క మాట వల్ల పోలేదు.

“సాపు,” అంది అమ్మ, నా ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని.

చాపాను. నాలుగు వేళ్లు చాచుకున్నాయి. చిటికెన వేలు సగం దాకా వచ్చి ఆగింది. అమ్మ తన బొటనవేలితో దాన్ని మెల్లగా పైకి నొక్కింది. నొప్పికి చెయ్యి లాక్కున్నాను.

“ఎప్పట్నుంచి?”

“తెల్వదు.”

నిజంగానే తెలియదు. ఉదయం పూట చేతులు బిగిసినట్టు ఉండేవి, చలి అనుకున్నాను. అన్నలా కూర్చుని అన్నలా టైపు చేసీ చేసీ వేలు అలా ఆనడం అలవాటైందనుకోవచ్చు. కానీ లేపితే లేవనిది అలవాటు కాదు కదా.

ఆ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ముంజేతి ఎముకల మధ్య గట్టిపడిన ఒక చోట వేలు పెట్టి చూపించింది. పుట్టింది ఎక్కడని అడిగింది. ఊరి పేరు చెప్పగానే ఇంకేమీ అడగలేదు.

“చిన్నప్పుడు తాగిన నీళ్లది,” అంది. “ఇప్పుడు నల్లా నీళ్లే కదా. మీ అన్నకు అయినంత మీకు కావాలని లేదు. చాలామందికి ఇక్కడితో ఆగుతుంది. చెయ్యిని ఒకే చోట ఆనించి ఉంచకండి. వ్యాయామం చెబుతాను, రోజూ చేయండి.”

దుకాణానికి వచ్చి సెట్టింగులు తెరిచాను. షిఫ్ట్‌తో స్లో కీస్ మొదలయ్యే ఏర్పాటు మూసేశాను. ఒకదాని తర్వాత ఒకటి నొక్కే పాత పద్ధతిని తిరిగి తెరిచాను. అప్‌డేట్‌కు ముందు దాన్ని అన్న కోసం ఉంచుకున్నాననుకునేదాన్ని. ఆ రోజు నా కోసం పెట్టుకున్నాను. అలా పెట్టుకుంటున్నప్పుడు నా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. తిరిగి చూడలేదు.

పెత్రమాసకు ఊరికి వెళ్లాం. పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే రోజు అది. అన్న పేరు చెప్పి ఇచ్చాక, అమ్మ వంటలో పడింది. ఇంటి ముందరి బోరింగుకు, ఆ నీళ్లు తాగొద్దని అధికారులు ఎప్పుడో పూసిన ఎర్రరంగు పెచ్చులు లేచింది. హ్యాండిల్ లేదు. బాపు దానికి ఒక మేకను కట్టేసి, పక్కన రాయి మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. బాపు ఒక్కసారి కూడా నా దుకాణానికి రాలేదు. అన్న గురించి నాతో మాట్లాడింది కూడా తక్కువే.

“చెయ్యి చూపియ్యి,” అన్నాడు.

చూపించాను. తాడు పక్కన పెట్టి, తన మొద్దుబారిన వేళ్లతో నా చిటికెన వేలును కాసేపు పట్టుకున్నాడు. ఆయన వేళ్లు కూడా పూర్తిగా చాచుకోవు.

“నొప్పి లేస్తాందా?”

“పొద్దుగాల జర ఉంటది బాపూ.”

తల ఊపాడు. మేక తాడును గుంజుతోంది. పేనుతున్న తాడు మళ్లీ అందుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

“గా మిషిన్ల మీ అన్న ఇంకేమన్న పెట్టిండా?”

“ఏమో బాపూ. ఉండొచ్చు. తడుముతుంటే ఒక్కొక్కటి బయటపడుతాంది.”

“ఉంటే ఉండనియ్యి,” అన్నాడు బాపు. లేచి మేకను విప్పి, మిగిలినవి మేస్తున్న వైపు తోలుకుపోయాడు.